నలభై ఒక్క దినాల నడక

అనంతపురం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా, జిరాక్స్ అంగడి పక్కన, నాకొక రేకుల గది ఉంది. ఇరవై ఆరేళ్లుగా అందులో కూర్చుని దస్తావేజులు రాస్తున్నాను. అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ నా ముందు కూర్చున్నంతసేపే నాకు తెలుసు. వేలిముద్ర పడ్డాక వాళ్ల ముఖాలు కూడా గుర్తుండవు. తిప్పమ్మను మాత్రం మరిచిపోలేదు. ఒకే వారంలో ఆమె నా చేత రెండు దస్తావేజులు రాయించింది. మొదటిదాంతో సొంత ఇల్లు అమ్మేసింది. రెండోదాంతో ఎనిమిది అడుగుల వెడల్పు సందు ఒకటి కొన్నది. ఆ రెండోది ఎవరి గొంతుకు బిగుసుకుంటుందో నాకు తెలుసు. తెలిసే రాశాను.

ఆమెది కంబదూరు దగ్గర పల్లె. వరసగా మూడేళ్లు శనక్కాయ చేతికి రాక, వేసిన బోరులో దుమ్ము తప్ప ఏమీ లేవక, భర్త బాలప్పతో కలిసి టౌనుకు వచ్చింది. పిల్లలు లేరు. ఇద్దరూ పదేళ్లు కష్టపడి ఎర్రగుట్ట కాలనీలో రెండున్నర సెంట్ల స్థలం కొని, రెండు గదులు వేసుకున్నారు. ఆ కాలనీలో మొత్తం ఇరవై రెండు ఇళ్లు. నీళ్లు వారానికి రెండుసార్లు. అయినా అక్కడే ఎందుకు కొన్నారంటే, దారి. కాలనీ వెనక నరసింహులు అనే రైతు చేను ఉండేది. చేను గట్టు మీద కాలిబాట. బాట చివర కరీం సాబ్ కట్టెల డిపో, డిపో పక్కన సందు, సందు దాటగానే మార్కెట్ రోడ్డు. బడి, సర్కారు ఆసుపత్రి, బస్సు స్టాపు, కూరగాయల అంగళ్లు అన్నీ అక్కడే. ఇంటి గడప నుంచి ఏడు నిమిషాలు.

బాలప్ప ఆ డిపోలోనే కట్టెలు కొట్టేవాడు. పెళ్లి వంటలకు, హోటళ్లకు, శ్మశానానికి వెళ్లే తుమ్మ మొద్దులు ఇరవై ఏళ్ల పాటు ఆయన గొడ్డలి కిందే చీలాయి. మధ్యాహ్నం ఇంటికొచ్చి అన్నం తిని, అరగంట నడుం వాల్చి మళ్లీ వెళ్లేవాడు. తిప్పమ్మ పొద్దున్నే మార్కెట్ రోడ్డు పక్కన బొరుగులతో చేసే ఉగ్గాణి, బజ్జి అమ్మేది. బాండలి, స్టవ్వు ఒక విడత, బొరుగుల మూట ఇంకో విడత నెత్తిన మోసుకొచ్చేది. దారి దగ్గర కాబట్టి రెండుసార్లు తిరగడం ఆమెకు లెక్కలోకి రాలేదు.

నరసింహులు చేనును సురేంద్ర కొన్నాడు. ఆ దస్తావేజు రాసిందీ నేనే. సురేంద్ర కాంట్రాక్టు పనులు చేసి పైకొచ్చిన మనిషి. తెల్ల చొక్కా, మెత్తటి మాట. చేనును చదును చేయించి, ప్లాట్లు వేసి, నందన తీరం అని ఆర్చి కట్టించాడు. ఆ చుట్టుపక్కల పది మైళ్లలో తీరం అనదగ్గ నీళ్లు లేవు. జనం పేరు చూసి రాలేదు. బోర్డు మీద ఆయన రాయించిన మాటలు చూసి వచ్చారు. మార్కెట్టుకు నడిచి ఐదు నిమిషాలు, బడికి ఆరు, ఆసుపత్రికి ఏడు.

మా టౌను ఈ పదేళ్లలో ఎట్లా పెరిగిందో నా రిజిస్టర్లు చూస్తే తెలుస్తుంది. ఊరికి ఎనిమిది మైళ్ల అవతల కూడా ప్లాట్లు వేసి అమ్ముతున్నారు. అక్కడ ఉప్పు ప్యాకెట్టు కావాలన్నా బండి తీయాలి. మోకాళ్లు పట్టేసిన రిటైర్డు ఉద్యోగులు, బండి నడపడం రాని ఆడవాళ్లు, చిన్న పిల్లల తల్లులు కోరుకునేది కాళ్లతో వెళ్లి రాగలిగే చోటు. దానికి ఎంతైనా పెడతారు. ఊరవతల సెంటు నాలుగు లక్షలుంటే, సురేంద్ర దగ్గర తొమ్మిది పలికింది. మధ్యలో ఉన్న తేడా అంతా ఆ సందుదే.

ఏప్రిల్ నెలలో ఒక ఆదివారం, కాలనీ వైపున ఎనిమిది అడుగుల గోడ లేచింది. పొద్దున పునాది, సాయంత్రానికి పైవరస. కాలనీ జనం పోగై అడిగితే సురేంద్ర నవ్వుతూనే జవాబు చెప్పాడట. తిప్పమ్మకు చెప్పిన మాట ఆమె నాకు అక్షరం పొల్లుపోకుండా చెప్పింది.

"అక్కా, నా దగ్గర కొన్నోళ్లు పెద్దోళ్లు. మీరు బాండ్లీలు, మూటలు ఎత్తుకోని వాళ్ల ఇండ్ల మధ్యన పోతాంటే రేటు నిలబడదు. బైపాస్ ఉండాది కదా, ఆడినించి పోండి."

బైపాస్ మీదుగా డిపోకు ఎంత దూరమో తర్వాత నేను నా బండి మీద కొలిచాను. రెండు కిలోమీటర్ల ఎనిమిది వందల మీటర్లు. నడిచేవాళ్లకు పక్కబాట లేదు. తారు అంచున ఒక అడుగు కంకర, ఆ పైన కాలువ. ఒకచోట హైవేను అడ్డంగా దాటాలి. కాలనీ వాళ్లు మునిసిపల్ ఆఫీసు చుట్టూ తిరిగారు. మ్యాపులో అక్కడ దారే లేదన్నారు. కోర్టుకు వెళ్తే ఏడెనిమిదేళ్లు పడుతుందని ఒక వకీలు చెప్పాడు.

తిప్పమ్మ ఉగ్గాణి అంగడి నాలుగో రోజుకే మూతపడింది. బాండలి, స్టవ్వు నెత్తిన పెట్టుకుని హైవే దాటడం ఎవరివల్లా కాదు. కాలనీలో సెంటు నాలుగు లక్షలకు కొనేవాళ్లు ఉండేవాళ్లు, రెండు నెలల్లో లక్షన్నరకు కూడా అడిగేవాడు లేడు. అడిగింది ఒక్క సురేంద్ర మనుషులే. గోడ కట్టి ధర పడగొట్టినవాడే ఆ పడిన ధరకు కొంటున్నాడని అందరికీ అర్థమైంది. అర్థమయ్యి కూడా ఏడాదిన్నరలో పద్నాలుగు ఇళ్లవాళ్లు అమ్ముకుని వెళ్లిపోయారు.

బాలప్ప మాత్రం పని మానలేదు. రోజూ ఆటోకు పెడితే కూలిలో మూడో వంతు పోతుందని నడిచేవాడు. అన్నం క్యారియర్‌లో కట్టిస్తానని తిప్పమ్మ ఎన్నోసార్లు అడిగింది. ఇంట్లో తింటేనే తిన్నట్టుంటుందని మధ్యాహ్నం నడిచే వచ్చేవాడు. గోడ లేచిన నలభై ఒకటో రోజు, మిట్టమధ్యాహ్నం, గ్రానైట్ బండలు మోసుకెళ్తున్న లారీ ఆయన్ను కొట్టేసింది. ఒక చెప్పు కాలువలో, ఒకటి రోడ్డు మీద. తిప్పమ్మ వెళ్లేసరికి ఎవరో ముఖం మీద తువ్వాలు కప్పారు.

మూడో రోజున సురేంద్ర పరామర్శకు వచ్చాడు. ఒక కవరు ఆమె చేతిలో పెట్టబోయాడు. ఆమె దాన్ని తీసుకుని తిరిగి ఆయన చొక్కా జేబులోనే దూర్చింది.

"నువ్వు యప్పుడైనా ఆ రోడ్డు మీద నడిచినావాప్పా?" అని అడిగింది.

"నాకేం అవసరమక్కా," అన్నాడు సురేంద్ర.

ఆయన పొగరుతో అనలేదని, నిజంగానే తనకు అవసరం లేదన్నట్టు అన్నాడని తిప్పమ్మ చెప్పింది. ఆ రోజు నుంచి ఆమె ఏడవడం మానేసింది.

గోడలో పనివాళ్ల కోసం చిన్న ఇనుప గేటు ఒకటి పెట్టారు. ఫోటో ఉన్న కార్డు చూపిస్తే వాచ్‌మన్ తీస్తాడు. తిప్పమ్మ ఆ కార్డు సంపాదించింది. నందన తీరంలో హేమలత అనే రిటైర్డు టీచరమ్మ ఇంట్లో వంటకు కుదిరింది. హేమలత ఒంటరి మనిషి, మోకాళ్లకు ఆపరేషన్ అయింది. తన పింఛను డబ్బంతా పోసి అక్కడ ఇల్లు కట్టుకున్నది కూడా సంచి పట్టుకుని మార్కెట్టుకు నడిచి వెళ్లగలననే. తిప్పమ్మతో కలిసి కూర్చుని తినేది. ఆ ఇంట్లో ఏడాది పైగా పనిచేస్తూ తిప్పమ్మ అన్నీ చూసింది. కొనడానికి వచ్చిన ప్రతివాణ్నీ సురేంద్ర మొదట ఆ సందులోంచే నడిపించి, గడియారం చూపిస్తాడు. కాలనీ స్థలంలో రెండో విడత ప్లాట్లు వేయాలని అప్పు తెచ్చాడు. ఆ రెండో విడత రోడ్డు సరిగ్గా తిప్పమ్మ వంటింటి మీదుగా పోతుంది. ఇవన్నీ ఆమెకు తెలిశాయి.

సురేంద్రకు తెలిసీ పట్టించుకోని విషయం ఒకటి బాలప్ప ఆమెకు ఎప్పుడో చెప్పాడు. ఆ సందు మునిసిపాలిటీది కాదు, కరీం సాబ్ పట్టా. యాభై ఏళ్ల కింద కరీం సాబ్ తండ్రి జనం నడవడానికి వదిలేశాడు. సురేంద్ర మొదట్లో కొంటానని అడిగితే, దారి అమ్మేది కాదు, ఎవరైనా నడవొచ్చు అన్నాడు కరీం సాబ్. ఊరికే దొరికేదానికి దుడ్లు ఎందుకని సురేంద్ర వదిలేశాడు.

తిప్పమ్మ డిపోకు వెళ్లి సందు తనకు అమ్మమని అడిగింది. ఎందుకో కూడా దాచలేదు. డెబ్బై ఏళ్ల కరీం సాబ్ తల అడ్డంగా ఊపాడు.

"నడిచేటోళ్ల దువా వస్తాదని మా నాయన ఇడిచిన దారి తిప్పమ్మా. మూసేదానికి నేను ఇయ్యలేను."

ఆమె వాదించలేదు. ఒక్కసారి తనతో ఇంటి నుంచి డిపో దాకా నడవమన్నది, అంతే. మే నెల, పన్నెండు గంటలు. కరీం సాబ్ ఆటోలో కాలనీకి వచ్చి, అక్కడ దిగి, గొడుగు వేసుకుని ఆమె వెంట నడిచాడు. లారీ వచ్చిన ప్రతిసారీ ఇద్దరూ కాలువ అంచుకు ఒదిగి నిలబడాల్సి వచ్చింది. గాలికి గొడుగు తిరగబడింది, దాన్ని మడిచి చంకలో పెట్టుకున్నాడు. హైవే దాటడానికి పావుగంట పట్టింది. బాలప్ప పడిన చోట తిప్పమ్మ ఆగి, ఇక్కడే సాబ్, అన్నది. ఆయన కంకర మీద అట్లాగే కూర్చుండిపోయాడు. నీళ్లు తాగమని ఇచ్చినా తాగలేదు.

మరుసటి రోజు ఇద్దరూ నా గదికి వచ్చారు. ఊరికే రాసిస్తానని కరీం సాబ్, డబ్బిచ్చి కొంటేనే రేపు ఎవరూ వేలెత్తి చూపలేరని తిప్పమ్మ. చివరికి ఆమె మాటే నిలిచింది. ఆ డబ్బు కోసమే ఇల్లు అమ్మకానికి పెట్టింది. సురేంద్ర మనిషి లక్షన్నర అంటే, నందన తీరంలో సెంటు ఎంతకు అమ్ముతున్నారో తన సెంటూ అంతే అన్నది. రెండు నెలలు బిగబట్టి, అప్పు మీద వడ్డీ పరుగెత్తుతుంటే సురేంద్ర ఒప్పుకున్నాడు. ముసలిదానికి ఆశ ఎక్కువైందని నా ముందే నవ్వి సంతకం చేశాడు. ఆయన ఇచ్చిన డబ్బుతోనే నాలుగో రోజున ఆమె సందు కొన్నది. కరీం సాబ్ డిపోలో పాత సామాను గది ఖాళీ చేయించి, ఉండమన్నాడు.

ఆ ఆదివారం సందుకు అడ్డంగా గోడ లేచింది. మేస్త్రీలకు తిప్పమ్మ తన చేత్తో ఉగ్గాణి చేసి పెట్టింది. నేను చూడటానికి వెళ్లాను. నందన తీరం వైపు నుంచి సంచులు పట్టుకుని వచ్చినవాళ్లు ఇటుకల ముందు నిలబడి, కాసేపు చూసి, వెనక్కి తిరిగి వెళ్లారు. వాళ్లలో హేమలత కూడా ఉంది.

సురేంద్ర ముందు నా దగ్గరికే వచ్చాడు. నేను దస్తావేజు నకలు చూపించాను. రెండుసార్లు చదివి, చెమట తుడుచుకుని, వకీలు దగ్గరికి వెళ్లాడు. యాభై ఏళ్లుగా జనం నడిచిన దారిని మూసే హక్కు లేదని దావా వేయొచ్చన్నాడు వకీలు. దానికి ఏళ్ల తరబడి అక్కడ నడిచినవాళ్లు సాక్ష్యం చెప్పాలి. నడిచినవాళ్లంతా ఎర్రగుట్ట కాలనీ వాళ్లే. ఆయన పంపించేసిన పద్నాలుగు ఇళ్లవాళ్ల దగ్గరికీ, మిగిలిన ఏడు ఇళ్లవాళ్ల దగ్గరికీ మనుషులను పంపాడు. మేము ఆ దారి ఎన్నడూ ఎరగం అని అందరూ ఒకే మాట చెప్పి పంపారు.

రెండు నెలల్లో నందన తీరంలో సెంటు తొమ్మిది నుంచి ఐదుకు దిగింది. రెండో విడతకు అడ్వాన్సు ఇచ్చినవాళ్లు తిరిగి ఇమ్మని ఆయన ఇంటి ముందు కూర్చున్నారు. తిప్పమ్మ ఇదంతా డిపో గడప మీద కూర్చుని వింటూ ఉండేది. ఎవరు వార్త తెచ్చినా మళ్లీ మొదటి నుంచి చెప్పమని అడిగేది.

ఒక సాయంత్రం హేమలత ఆటోలో వచ్చి దిగింది. కూర్చోలేదు.

"నేనేం చేసినాను నీకు తిప్పమ్మా?"

"మీరేం చెయ్యలేదు మేడం. మీ ఇంట్లో అన్నం తిన్యాను."

"నీకు జరిగిన అన్యాయమే కదా నువ్వు నాకు చేస్తాండేది."

"ఔను మేడం. అదే చేస్తాండాను. మాకు జరిగినప్పుడు మీరెవరూ ఆయన్ని ఒక మాట అడగల్యా."

హేమలత అదే ఆటోలో వెళ్లిపోయింది. ఆ రాత్రి తనకు ముద్ద దిగలేదని తిప్పమ్మ నాతో ఒప్పుకున్నది. గోడ మాత్రం కదల్లేదు. కానీ హేమలత ఊరికే ఉండలేదు. నందన తీరం వాళ్లందరినీ కూడగట్టి సురేంద్ర మీదికి తీసుకెళ్లింది. మూడోసారి వాళ్లు వచ్చి వెళ్లాక, సురేంద్ర డిపోకు వచ్చాడు. ఎంత కావాలో చెప్పమన్నాడు. కరీం సాబ్ కుర్చీ వేయబోతే తిప్పమ్మ వద్దన్నది.

"దుడ్లు వద్దు. రెండు పనులు చెయ్యి. కాలనీ పక్క నీ గోడ తియ్యి. రెండోది, నడువు. నా ఇల్లుండిన కాడ్నించి ఈడిదాకా, బైపాస్ మీద, మిట్టమధ్యాన్నం, నలభై ఒక్క దినాలు. ఆయప్ప ఎన్ని దినాలు నడిచినాడో అన్ని దినాలు నడువు. ఆ పొద్దే నా గోడ తీస్తా."

సురేంద్ర ఇది పిచ్చి అన్నాడు. పెద్దమనుషులను పంపాడు, పోలీసు మాట చెప్పించాడు. ఆమె తన పట్టా కాగితం చూపించి పంపేసింది. మూడు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం, కాలనీలో కారు దిగి, నడవడం మొదలుపెట్టాడు.

మొదటి రోజు జనం గడపల్లోకి వచ్చి చూశారు. మెరిసే బూట్లు, నల్ల కళ్లద్దాలు, ఫోనులో మాటలు. నాలుగో రోజుకు ఫోను జేబులోకి పోయింది, ఆ హోరులో ఏమీ వినపడదు. వారం తిరిగేసరికి బూట్లు పోయి చెప్పులొచ్చాయి, తలకు తువ్వాలు వచ్చింది. తిప్పమ్మ ప్రతిరోజూ బాలప్ప పడిన చోట నిలబడి ఉండేది. ఆయన ఆమె ముందు నుంచే నడిచి పోవాలి. ఆయన దాటాక ఆమె డిపోకు వెళ్లి గోడ మీద బొగ్గుతో ఒక గీత గీసేది.

ఇరవై మూడో రోజున ఒక టిప్పర్ ఇంకో బండిని దాటబోయి, తారు దిగి కంకర మీదికి వచ్చింది. సురేంద్ర కాలువలోకి దూకాడు. మోచేతులు చెక్కుకుపోయాయి, చొక్కా చినిగింది. పైకి ఎక్కి వచ్చి, తిప్పమ్మకు నాలుగడుగుల దూరంలో కూర్చున్నాడు.

"ఇంక చాలక్కా. నాకు పెండ్లాం బిడ్లుండారు," అన్నాడు.

"ఆయప్పకు నేనుంటి," అన్నది తిప్పమ్మ.

ఆయన లేచి, ఫోను చేసి కారు తెప్పించుకుని వెళ్లిపోయాడు. మళ్లీ నడవలేదు. మరుసటి రోజు తన జేసీబీతో కాలనీ గోడను తనే పడగొట్టించాడు. సగం మాట నిలబెట్టుకున్నాడు కదా, ఏం చేస్తావని నేను అడిగితే, తిప్పమ్మ వారం రోజులు ఆగమన్నది. ఆ వారమంతా కాలనీ ఆడవాళ్లు సందు గోడ దాకా వచ్చి చూసి పోతూనే ఉన్నారు. ఎనిమిదో రోజు మేస్త్రీలను పిలిచి తన గోడ తీయించింది. తీయించేటప్పుడు అక్కడున్న అందరికీ వినపడేలా ఒక మాట చెప్పింది. ఈ దారిన ఎవరైనా నడవొచ్చు, ఒక్క సురేంద్ర తప్ప. ఆయనకు ఇంకా పద్దెనిమిది దినాలు మిగిలి ఉన్నాయి.

ఇది జరిగి ఏడాది దాటింది. కాలనీలో మిగిలిన ఏడు ఇళ్లకు ఇప్పుడు సెంటు ఆరు లక్షలు అడుగుతున్నారు. అమ్ముకుని వెళ్లినవాళ్లలో అక్కమ్మ అనే ఆమె ఒకసారి డిపోకు వచ్చి, ఈ పని ఏడాది ముందు చేసి ఉంటే నా ఇల్లు నాకుండేది కదా అని అడిగి వెళ్లింది. సందు కొనే డబ్బు, తన ఇల్లు సురేంద్ర కొన్నాకే తిప్పమ్మ చేతికి వచ్చిందని నేను అనబోయాను, కానీ అది అక్కమ్మకు చెప్పే మాట కాదు. హేమలత మళ్లీ సందులోంచి మార్కెట్టుకు వెళ్తోంది, తిప్పమ్మ వైపు చూడదు.

సురేంద్ర ఒకసారి ప్రయత్నించాడు. రెండో విడత కొనడానికి బళ్లారి నుంచి వచ్చిన వాళ్లను వెంటబెట్టుకుని, గడియారం చూపిస్తూ సందు దాకా వచ్చాడు. కట్టెలు తూస్తున్న తిప్పమ్మ తక్కెడ వదిలి, సందు మధ్యలోకి వచ్చి నిలబడింది. వచ్చినవాళ్లను పక్కనుంచి పోనిచ్చింది. ఆయన ఎదురుగా మాత్రం కదల్లేదు. ఏదో ఫోను వచ్చినట్టు చెవికి పెట్టుకుని ఆయన వెనక్కి తిరిగాడు. ఆ కొనేవాళ్లు అవతల రోడ్డు మీద అరగంట సేపు ఆయన కారు కోసం ఎదురు చూశారు.

మొన్న కట్టెల కోసం వెళ్లినప్పుడు, నీ మనసు చల్లబడిందా అని తిప్పమ్మను అడిగాను. ఆమె చీలికలు పేరుస్తూనే చెప్పింది.

"చల్లబడిందంటే అబద్ధమన్నా. ఆయప్ప చెప్పు రోడ్డు మీద పడుండేది యాదికొస్తే అట్లే మండుతాది. కానీ ఆ సురేంద్ర కారు ఈ మలుపు కాడ ఆగి, లోపలికి రాల్యాక, బైపాస్ పక్క తిరిగిపోతాంటే చూస్తా. ఆ పొద్దు మాత్రం రెండు ముద్దలు ఎక్కువ తింటా."